శిశువిద్యయందు ఉపాధ్యాయ ధర్మము

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన సంఘము ఒక శిశువిద్యాలయమును స్థాపింపనెంచినదని విని మిక్కిలి సంతసించితిమి. భవనమునకు చందాలు ప్రోగగుచున్నవి. కాని యా భవనమున పాఠము చెప్పబోవు ఉపాధ్యాయిని ధర్మమెట్టిదో, ఆమె యెడ మన ధర్మమెట్టిదో ముందుగా విచారింపవలసియున్నది.

ఇతర వృత్తులయందు తప్పు జరిగినచో చెప్పుకొనువారు కలరు. కక్షిదారు మొరపెట్టును, రోగి వేరొక వైద్యుని చూచుకొనును. మూడేండ్ల శిశువు ఏమి చేయగలదు? ఉదయము బడికి పోనని యేడ్చును. అంతకుమించి చెప్పుటకు దానికి మాటలు చాలవు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము బడిలో కొట్టుటను, మనసు నొప్పించుటను నిషేధించినది; కాని యా చట్టమున బాలుడనగా 6 మొదలు 14 ఏండ్ల వయసువాడు. 2015 నాటి బాలన్యాయ చట్టము 18 ఏండ్లలోపు వారందరికిని రక్షణ నొసగుచున్నది గాని, నేరము రుజువగుటకు సాక్ష్యము కావలయును గదా! కావున ఎవరును చూడని వేళ ఉపాధ్యాయిని యెట్లు మెలగునో అదియే యామె వృత్తిధర్మమునకు గీటురాయి.

పూర్వపు వీధిబడులలో కోదండము, గోడకుర్చీ, తొడపాశము ఉండెడివి. అవి పోయినవని మురియుచున్నాము. “ఏడ్చితివా, మీ అమ్మ రాదు” అను మాట తొడపాశముకంటె తక్కువదా? బట్ట తడుపుకొన్న శిశువును పదిమందిలో నవ్వులపాలు చేయుట శిక్ష కాదా? అది తెలియక చెప్పిన యింటి గుట్టును పరులకు చెప్పుట ద్రోహము కాదా? న్యాయవాదవృత్తిని విడిచి, 1920లో గుజరాతునందలి భావనగరమున బాలమందిరమును స్థాపించిన గిజుభాయి బధేకా, భయము లేని బడి సాధ్యమని చేసి చూపెను.

ఇక మన వంతు. మూడేండ్లకే పుటలకొలది వ్రాయింపుమని యడుగువారెవరు? మనమే. ఆ వయసున మణికట్టు ఎముకలు పూర్తిగా గట్టిపడియుండవు. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము 3 మొదలు 8 ఏండ్ల వరకు ఆటపాటలతోడి విద్యనే మేలనినది. ఉపాధ్యాయిని “వ్రాయింపను” అనినచో జీతము కట్టు తండ్రి కోపించును; నిర్వాహకులు ఆమెను తొలగింతురు. ఉద్యోగము పోవునని వెరచి యామె శిశువు వ్రేళ్లను బలవంతముగా బలపముపై వంచినచో, ఆ పాపమున మనకు పాలు లేదా?

కావున మహాసభవారికి మా విన్నపములు నాలుగు. ప్రవేశమునకై శిశువును పరీక్షింపరాదు. ఏ కులపు శిశువు వచ్చినను కాదనరాదు. ఉపాధ్యాయినికి కుటుంబము గడచునంత జీతము నెలనెలా ఇయ్యవలయును. శిశువు మేలు కోరి తల్లిదండ్రుల మాటను కాదనిన కారణమున ఆమెను తొలగింపరాదని నియమావళియందు స్పష్టముగా వ్రాయవలయును.

దాతల పేళ్లతో శిలాఫలకమును తరువాత నిలుపవచ్చును. ఈ నియమములను ముందు వ్రాసికొందుము గాక!