"పోనీ" అనే హక్కు ఎవరిది?

ఈ వారం ఎపిసోడ్ ఒక్క మాట మీదనే. రోజుకు పదిసార్లు అంటం, ఒక్కసారి కూడా ఆగి చూడం. ఆ మాట "పోనీ".

ఇది ఎట్ల మొదలైందో చెప్తా. మొన్న కరెంటు పోయి ఎడిటింగ్ ఆగిపోయింది. ఈసారి వీడియో లేటయితదని మా ఇంటి వాట్సాప్ గ్రూపుల పెట్టిన. మా అమ్మ "పోనీ తియ్ బిడ్డా" అని పెట్టింది. అమ్మ తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడుతది. మా అక్క వాళ్ళు బెంగళూరుల ఉంటరు. వాళ్ళ బిడ్డకు ఎనిమిదేండ్లు. అది వెంటనే ఒక గుర్రం బొమ్మ పెట్టి, "అమ్మమ్మా, ఏ పోనీని తియ్యాలి?" అని అడిగింది. అందరం నవ్వినం. తర్వాత నాకు నిద్ర పట్టలే, ఎందుకంటే ఆ పిల్లకు జవాబు చెప్పడం అంత సులువు కాదు.

ఇంగ్లిష్ పోనీ సంగతి తేలికనే. పొట్టి జాతి గుర్రం. భుజం కాడ సుమారు 147 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తుంటే సాధారణంగా పోనీ అంటరు. మనం టట్టు అంటం గదా, అదే. జుట్టంతా వెనక్కి లాగి ఒక్క రబ్బరు బ్యాండు వేస్తే పోనీటెయిల్, అంటే గుర్రం తోక. లండన్ దిక్కు వాడుక భాషల పోనీ అంటే 25 పౌండ్లు. మా కోడింగోళ్ళకైతే పోనీ పేరుతోటి ఒక ప్రోగ్రామింగ్ భాషనే ఉంది.

ఇప్పుడు మన పోనీ. దీని పనులు చూడుండ్రి.

ఒకటి, బండి. కరీంనగర్ బస్టాండు కాడ ఆటో ఎక్కి "అన్నా, టవర్ సర్కిల్ దాకా పోనీ" అంటం. అంటే నడుపు అని.

రెండు, ఓదార్పు. "పర్సు పోయిందా? పోనీ తియ్, నువ్వు మంచిగున్నవ్ గదా."

మూడు, ఇంకో దారి. "ఇయ్యాల కుదరదా? పోనీ, రేపు కలుద్దామా?" నా పాత ఉద్యోగం భాషల చెప్పాలంటే ఇది ఎల్స్ ఇఫ్.

నాలుగు, కనీసం అనే అర్థం. "పెండ్లికి రాకపోతివి, పోనీ ఒక ఫోనన్న చేయకపోతివి." ఈ పోనీల ఎంత నిష్ఠూరం ఉందో చూసిండ్రా?

ఐదు, వాదన. "పోనీ, నువ్వన్నదే కరెక్టు అనుకుందాం." ఇది విన్నరంటే జాగ్రత్త, వెనకాల గట్టి ప్రశ్న వస్తుంది.

ఐదు పనులు వేరువేరుగా కనిపిస్తున్నయి గానీ, అన్నిట్ల ఒక్కటే ఉంది. గట్టిగా పట్టుకున్నదాన్ని ఎవరో ఒకరు వదులు చేస్తున్నరు. ఆటో ఆయన బ్రేకు వదులుతడు. మనం పోయిన పర్సు మీద బాధ వదులుతం. ఇయ్యాల కలవాలన్న పట్టు వదులుతం. పెండ్లికి రాలేదన్న కోపం కొంచెం వదిలి, ఫోను కాడికి దిగుతం. వాదనల మన మాటను ఒక నిమిషం పక్కకు పెడుతం.

అసలు రూపం "పోనిచ్చు". దాంట్ల "ఇచ్చు" ఉంది. మా దిక్కు "పోనియ్" అంటరు, అండ్ల "ఇయ్" ఇంకా సాఫ్‌గ వినబడుతది. రానియ్, తిననియ్, చదువుకోనియ్, అన్నిట్ల అదే. అంటే మన భాషల వదిలెయ్యడం అంటే ఇయ్యడమే. మరి మనదైనదే గదా మనం ఇయ్యగలం? పక్కోనిది ఇయ్యలేం.

నేను హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి వచ్చినప్పుడు చుట్టాలందరూ బాపును తిట్టిండ్రు. నా బీటెక్ ఫీజుల కోసం ఆయన ఇంటి స్లాబు పని ఆపుకున్నడు. అడిగే హక్కు ఎవరికన్న ఉందంటే ఆయనకే. ఆయన మాత్రం "పోతే పోనియ్, వానికి చేతనైంది వాడు చేసుకుంటడు" అన్నడు. ఆ పోనియ్ ఆయన సొంతం. ఆయన కష్టం, ఆయన ఇచ్చిండు.

ఇంకో పోనీ విన్న, 2024 వానకాలం వడ్లు అమ్మేటప్పుడు. ఎక్కడ అని చెప్పను. మావి 120 బస్తాలు, ఒక్కోటి 40 కిలోలు. సంచి బరువు పోను, తాలు, మట్టి పేరు మీద బస్తాకు ఇంకో 2 కిలోల తరుగు అన్నడు తూకం కాడ ఉన్నాయన. బాపు అడిగితే నవ్వుకుంట "పోనీ తియ్ కాకా, రెండు కిలోలే గదా" అన్నడు.

నేను ఫోన్ల లెక్క కొట్టిన. 240 కిలోలు. ఆ సీజన్ల ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. అంటే 5,568 రూపాయలు. బాపు ఎప్పటి లెక్కనే తల దించుకున్నడు, పోనీ అనబోతున్నడు. నేనన్న, "అన్నా, పోనియ్యాలంటే ఆయన పోనియ్యాలె. ఆయన వడ్లు నువ్వెట్ల పోనిస్తవ్? ఆ రెండు కిలోలు ఎందుకు తీస్తున్నవో చీటీ మీద రాసియ్యి."

రాయలే. గంటసేపు గొడవైంది. చివరికి ఒక కిలోకు దిగిండు. గెలిచినమా అంటే సగమే, 2,784 రూపాయలు పోయినట్టే. ఇంటికి పోయేటప్పుడు బండి మీద బాపు "పోనీ తియ్" అంటడేమో అని చూసిన. అనలే. "యాసంగికి చీటీ ముందుగాల్నే అడుగుదాం" అన్నడు.

అందుకే చెప్తున్న. బస్సుల ఎవడో ఇబ్బంది పెట్టిండని చెల్లె చెప్తే "పోనీలే" అనకుండ్రి. రెండు నెలల జీతం రాలేదని దోస్తు అంటే "పోనీ తియ్" అనకుండ్రి. పోయింది వాళ్ళది. పోనియ్యాల్నా, పట్టుకోవాల్నా వాళ్ళే చెప్తరు. మనం పక్కన నిలబడితే చాలు. మనది మనం పోనిచ్చుకుంటే మాత్రం దానంత హాయి ఇంకోటి లేదు.

మా మేనకోడలికి కూడా జవాబు పెట్టిన: "అమ్మమ్మ పోనీ గుర్రం కాదురా, అది ఇచ్చే మాట." అది మళ్ళ గుర్రం బొమ్మనే పెట్టింది. పోనీ తియ్, చిన్నపిల్ల.

మీరు ఈ మధ్య మనస్ఫూర్తిగా దేన్ని పోనిచ్చిండ్రు? దేన్ని పోనియ్యొద్దు అనుకుంటున్నరు? కామెంట్ల రాయుండ్రి. వచ్చే వారం కలుద్దాం, ఉంటా మరి.