కొత్త కూర్పు – పాత దిద్దుబాటు



హౌరా–ముంబయి రైలుమార్గముపై టాటానగరమునకు పడమట నున్న ఈ గమ్హరియాలో తెలుగు గృహిణి ఆవాలను ఇచ్చటి అంగడిలోనే కొనవచ్చును. ఆవకాయలో ఉప్పు కారముల పాళ్లు మాత్రము ఆమె పుట్టింటివే. అంగడివాడు సరకు మార్చినంతనే ఆ పాళ్లు మారవు. కంప్యూటరులో ఈ న్యాయము తనంత తాను చెల్లదు. దాని కొక ఏర్పాటు కావలెను.

కార్యాలయపు సర్వరులోనికి ఎవరు ప్రవేశింపవచ్చును, ప్రింటరు ఎచ్చట నున్నది అను సంగతులను నిర్వాహకుడు కొన్ని ఫైళ్లలో వ్రాసి యుంచును. లినక్స్‌లో ఇవి చాలవరకు 'ఈటీసీ' అను డైరెక్టరీలో నుండును. ప్యాకేజీ కొత్త కూర్పు వచ్చునపుడు దాని ఫైళ్లును వెంట వచ్చును. అవి పాతవానిని తుడిచివేసినచో, అతడు మూసిన ద్వారము మరల తెరచుకొనవచ్చును. అది తెలియువాడు ఎవడు?

1993లో ఇయన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్‌లో 'డీపీకేజీ' అను సాధనము మూడింటిని పోల్చి చూచును: మొదట వచ్చిన ఫైలు, ఇప్పుడున్నది, కొత్తగా వచ్చినది. నిర్వాహకుడు ముట్టని ఫైలైనచో కొత్తది నిశ్శబ్దముగా చేరును. అతడు మాత్రమే మార్చినచో అతనిదే నిలుచును. ఇరువురును మార్చినచో సాధనము ఆగి అడుగును. ఊరక ఎంటరు నొక్కినచో పాతదే ఉండును. అతడు కావలెనని తొలగించిన ఫైలును సైతము అది మరల తెచ్చి పెట్టదు. తీసివేయుటయు నొక నిర్ణయమే యని గుర్తించిన ఈ మర్యాద మెచ్చదగినది. సీడాక్ వారి బాస్ లినక్స్ డెబియన్ సంతతిదే గనుక ప్రభుత్వోద్యోగులకు ఈ సంగతి దూరపుది కాదు.

రెడ్‌హ్యాట్ వారి ఆర్పీఎం పద్ధతి వేరు. అది ప్రశ్నింపదు, ప్యాకేజీ కట్టినవాని ఆదేశమును బట్టి కొత్తదానిని '.ఆర్పీఎంన్యూ' అనియో, పాతదానిని '.ఆర్పీఎంసేవ్' అనియో ప్రక్కన పెట్టును.

అయితే, ప్రతిసారియు పాతదే చాలుననుట సోమరితనము. కొత్త ఫైలులో భద్రతకు వలసిన పంక్తి యుండవచ్చును. రెంటిని ప్రక్కప్రక్కన చదివి కలుపుకొనవలెను. సంస్థ ఇచ్చిన ఫైలును ముట్టక, సొంత మార్పులను వేరొక చిన్న ఫైలులో వ్రాసికొనుట ఇంకను మేలు. పెక్కు సాఫ్ట్‌వేరులు దీనికి ప్రత్యేక డైరెక్టరీ నిచ్చుచున్నవి. ఆ ఫైలు తలపై తేదీయు, కారణమును రెండు ముక్కలలో వ్రాసినచో, బదిలీపై వచ్చు తరువాతి ఉద్యోగికి తడవులాట తప్పును.