కథ మనది, పేరెవరిది?

(ఖమ్మం, భద్రాచలం అడవి అంచు గ్రామాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



గొల్లపూడి మారుతీరావు నాటకం రాశారు, సినిమా రాశారు, టీవీలోనూ పనిచేశారు. 1988లో వచ్చిన 'కళ్ళు' సినిమాకు మూలం ఆయన నాటకమే. రంగస్థలం దాటి తెరకెక్కినా ఆయన పేరు వెంట నడిచింది. 1964 నాటి 'డాక్టర్ చక్రవర్తి'కి ఆయన స్క్రీన్‌ప్లే రాశారు. ఆ కథ కోడూరి కౌసల్యాదేవి నవల 'చక్రభ్రమణం'లోనిది. ఆమె పేరు ఎందరికి గుర్తుంది?

అచ్చయిన నవలకే ఈ గతి పడితే, కోయ అక్క నోటితో చెప్పిన పోడు కథ సంగతేమిటి?

2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమాలోని రచన టీవీలో ప్రసారమైతే రచయితకు రాయల్టీలో సమాన వాటా రావాలి. ఆ హక్కును నిర్మాతకు రాసిచ్చినా చెల్లదు. కానీ నోటిమాట మనదేనని నిరూపించడం కష్టం.

అందుకే కెమెరా ముందు కూర్చోకముందే అడుగుదాం. పేరు వేస్తారా? డబ్బెంత? పూర్తయ్యాక చూపించి, మేం వద్దన్నది తీసేస్తారా? జవాబులు కాగితం మీద పెట్టించి, చదువురాని అక్కకు ఆమె భాషలో వినిపించాకే వేలిముద్ర వేయించాలి.

మన సంఘాలు తీసే వీడియోలకూ ఇదే నియమం. ముందు మన ఇంటి నుంచే మొదలుపెడదాం.