సారె కథల్లోంచి వాటా మాట

(రాజాంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ రాజాం తాండ్ర పాపారాయుడి ఊరు. 1757 బొబ్బిలి యుద్ధం తర్వాత ఆయన పగ తీర్చుకున్న కథ బుర్రకథల్లో అందరం విన్నాం. ఆ యుద్ధంలో, శత్రువు చేతికి చిక్కకూడదని కోటలోని ఆడవాళ్ళనూ పిల్లలనూ సొంతవాళ్ళే చంపారని చరిత్రకారులు రాశారు. ఆ ఆడవాళ్ళు ఏమనుకున్నారు? ఒక్కరైనా వద్దన్నారా? పరువు కథ మనదాకా వచ్చింది గాని వాళ్ళ మాట రాలేదు. మన కథ మనమే చెప్పుకోవడం కాలక్షేపం కాదు, హక్కుల విషయం అని నేను అనేది అందుకే.

వారానికోసారి కలిసి రాసుకునే మా బృందం గురించి చెప్తాను. ప్రతి వారం ఒక అంశం అనుకుంటాం. రాయగలిగినవాళ్ళు ఒక పేజీ రాసుకొస్తారు. రాయలేనామె చెబుతుంటే పక్కనున్నామె రాసి, చదివి వినిపించి, ఔనంటేనే ఉంచుతుంది. ‘కుటుంబహింస’ అనో ‘ఆస్తిహక్కు’ అనో అంశం పెడితే, “నాకేటి కత ఉంటాదమ్మా” అని తప్పుకుంటారు. చేత్తో ముట్టుకున్న వస్తువు గురించి అడిగితే మాట దానంతటదే వస్తుంది.

ఒక వారం అంశం ‘కన్నవారింటి నుంచి తెచ్చుకున్నది’. సారె కావిళ్ళు, ఇత్తడి బిందెలు, ట్రంకుపెట్టెలు అన్నీ కాగితాల మీదికి వచ్చాయి. ఒకామె మాత్రం “అన్నదమ్ములకు భూమి, నాకు బిందె” అని రాసింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కరే “మా ఇంటా అంతే” అన్నారు.

చట్టం మాట వచ్చింది అప్పుడే. హిందూ కుటుంబాల్లో కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ మన రాష్ట్రం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. కాని అప్పటికే పెళ్ళయినవాళ్ళకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణ పెళ్ళి అనే ఆ అడ్డు తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న నియమమేదీ లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం జరిగిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడడానికి లేదు. ఈ తేదీలు ఊరికే చెబితే ఎవరికీ గుర్తుండవు. బిందె కథ రాసినామె వాటిని తన పెళ్ళి ఏడాది పక్కన పెట్టి లెక్క చూసుకుంది.

ఇది మనం కొత్తగా కనిపెట్టిన దారి కాదు. నెల్లూరు జిల్లా అక్షరాస్యత తరగతుల్లో ఆడవాళ్ళు పాఠం చదివి తమ బతుకు గురించి మాట్లాడుకున్నారు. దూబగుంటలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళ కథ మళ్ళీ పాఠమై ఊరూరా చేరింది. ఆ ఉద్యమం ఫలితంగానే 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఒక ఊరి కథలో ఇంకో ఊరి ఆడవాళ్ళు తమను తాము చూసుకున్నారు.

సంస్థల్లో పనిచేసే మిత్రులకు ఒక మాట. కథ చెప్పినామెదే. మన రిపోర్టుకు పనికొస్తుందని దాన్ని పట్టుకుపోకూడదు. పేరు మార్చినంతమాత్రాన సరిపోదు. ఊళ్ళో మనుషులు రెండు వాక్యాలకే అది ఎవరి ఇల్లో పోల్చుకుంటారు, ఆ రాత్రి దెబ్బలు తినేది ఆమె. అచ్చుకు ముందు మళ్ళీ అడగాలి. వద్దంటే కాగితం ఆమె చేతికే ఇచ్చేయాలి. వినేటప్పుడు తీర్పులు చెప్పకూడదు, అడగని సలహా ఇవ్వకూడదు.

వచ్చే వారానికి అంశం ‘నా పేరున ఉన్న కాగితం’. రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి పన్ను రసీదు అన్నీ ఒకసారి బయటికి తీయండి. దేనిమీద మీ పేరుందో, దేనిమీద లేదో చూసి రాసుకురండి.