పాత కారు, కొత్త ఇంజను, పింఛను లెక్క

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా డి.ఏ. బకాయిలు, మెడికల్ రీయింబర్సుమెంటు, లైఫ్ సర్టిఫికెట్టు వీటి గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కార్ల గురించి మాట్లాడమని కార్యవర్గం నన్ను ఆదేశించింది. కారణం లేకపోలేదు. మన సభ్యుల్లో కొందరి ఇళ్లలో ఇప్పటికీ అంబాసిడర్ కార్లు ఉన్నాయి. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "పాత ఇంజను తీయించి ఇసుజు ఇంజను, ఐదు గేర్ల బాక్సు వేయిస్తే మైలేజి బాగా పెరుగుతుందటగా, వేయించమంటారా?" అని.

నేను మెకానిక్కును కాను. గుమాస్తాను. అయితే సర్వీసులో చాలాకాలం ఆఫీసు వాహనాల సెక్షను చూశాను. లాగ్ బుక్కులు, పెట్రోలు ఇండెంట్లు, రిపేరు బిల్లులు నా బల్ల మీదుగానే వెళ్లేవి. బండి బానెట్టు ఎత్తి చూడడం కన్నా దాని లాగ్ బుక్కు తెరిచి చూడడం నాకు బాగా తెలిసిన పని. కాబట్టి గుమాస్తా దృష్టితోనే ఈ విషయం మనవి చేస్తాను.

ముందుగా ఒక మాట. ఇంజను మార్పిడి అనేది వీధి చివర మెకానిక్కు కనిపెట్టిన చిట్కా కాదు. కంపెనీవారే చేశారు. బ్రిటన్‌లోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్‌వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడ కర్మాగారంలో 1950ల చివర ఈ బండి తయారీ మొదలుపెట్టారు. 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. అన్నేళ్లూ ఒంటి మీది చొక్కా ఇంచుమించు అదే, లోపలి గుండె మాత్రం మారుతూ వచ్చింది. చాలాకాలం 1,489 సి.సి. పెట్రోలు ఇంజను, నాలుగు గేర్లు. 1980 ప్రాంతంలో డీజిలు అంబాసిడర్ వచ్చింది. 1990ల తొలి సంవత్సరాల్లో 1,817 సి.సి. ఇసుజు పెట్రోలు ఇంజను, దానితోపాటు ఐదు గేర్ల బాక్సు వచ్చాయి. అదే బాడీలో కంపెనీవారే కూర్చోబెట్టారు గదా, మన పాత బండిలో ఎందుకు కూర్చోదు అన్న ఆలోచన అక్కడే పుట్టింది.

మైలేజి ఎందుకు పెరుగుతుందో కూడా చూద్దాం. అంబాసిడర్ చక్రం కిలోమీటరుకు సుమారు 480 సార్లు తిరుగుతుంది. వెనక హౌసింగులో ఉండే క్రౌను, పినియను నిష్పత్తి నాలుగున్నర అనుకోండి. అంటే చక్రం ఒకసారి తిరగాలంటే ప్రొపెల్లర్ షాఫ్టు నాలుగున్నరసార్లు తిరగాలి. పాత నాలుగు గేర్ల బాక్సులో టాప్ గేరు ఒకటికి ఒకటి. కాబట్టి కిలోమీటరుకు ఇంజను 2,160 సార్లు తిరుగుతుంది. ఐదో గేరు నిష్పత్తి 0.8 అనుకుంటే అదే కిలోమీటరుకు 1,728 సార్లు తిరిగితే చాలు. తిరుగుడు నూటికి 20 తగ్గింది. అంతమాత్రాన పెట్రోలు కూడా 20 తగ్గుతుందనుకోవద్దు. బండి బరువు లాగడానికి, గాలిని తోసుకుపోవడానికి కావలసిన శక్తి తగ్గదు. ఇంజను లోపలి రాపిడికి, మూసుకున్న త్రాటిల్ సందులోంచి గాలి పీల్చుకునే శ్రమకు అయ్యే ఖర్చే తగ్గుతుంది. అదీ తక్కువేమీ కాదు.

కానీ ఆ లాభం ఎక్కడ? ఐదో గేరు పడేచోట. హైవే మీద గంటకు 60, 70 కిలోమీటర్ల వేగంతో ఏకధాటిగా పోయేటప్పుడు. మనం ఎక్కడికి పోతాం? బ్యాంకుకు, ఆసుపత్రికి, గుడికి, శుభకార్యానికి. సిగ్నల్ దగ్గర ఆగి, మళ్లీ రెండో గేరు, మూడో గేరు. ఆ దారిలో ఐదో గేరు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇక రూపాయల లెక్క. ధరలు ఊరూరికీ మారతాయి గనుక లీటరు 110 రూపాయలు, మొత్తం మార్పిడికి లక్షా పదివేలు అని ఉదాహరణకు అనుకుందాం. బండి ఇప్పుడు లీటరుకు 9 ఇస్తోంది, మార్పిడి తరవాత 12 ఇస్తుందని ఉదారంగా ఒప్పుకుందాం. మన పింఛనుదారు నెలకు 300 కిలోమీటర్లు తిరుగుతాడు. ఏడాదికి 3,600. పాత లెక్కన 400 లీటర్లు, కొత్త లెక్కన 300. మిగిలేది 100 లీటర్లు, అంటే 11,000 రూపాయలు. పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది. డెబ్బై దాటిన మనం పదేళ్ల తరవాత లాభం చూసుకుందామని పెట్టుబడి పెట్టడం మంచి ఆశే గాని, మంచి లెక్క కాదు.

అదే మార్పిడిని నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే టాక్సీ మనిషి చేయించుకుంటే ఏడాదిలో సొమ్ము తిరిగి వచ్చేస్తుంది. మా ఆఫీసు పెట్రోలు జీపుకు 1980లలో డీజిలు ఇంజను వేయించారు. లాగ్ బుక్కులో ఏడు ఉన్న మైలేజి పదకొండుకు వచ్చింది. ఆ జీపు క్యాంపులకు నెలకు రెండువేల కిలోమీటర్లు తిరిగేది. పైగా అప్పట్లో డీజిలు ధర పెట్రోలు ధరలో సగానికి అటూ ఇటూగా ఉండేది. అందుకని అది గిట్టింది. ఆ రోజుల్లో ఎవరికో గిట్టిందని ఇవాళ మనకూ గిట్టుతుందనుకోకూడదు.

ఇంజను మారిస్తే ఖర్చు ఇంజనుతో ఆగదు. మౌంటింగులు మార్చాలి, క్లచ్చి కుదరాలి, రేడియేటరు చాలాలి, ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిచేసి బ్యాలెన్సు చేయించాలి. డీజిలు ఇంజనైతే ముందు బరువు పెరిగి స్టీరింగు బిగుస్తుంది. వేగం పెరిగిన బండికి పాత డ్రమ్ము బ్రేకులు చాలతాయా అన్నది డబ్బుకు మించిన ప్రశ్న.

ఇంకో చిక్కు ఉంది, ఇది లెక్కలు రాసేవాడికి తప్ప తెలియదు. కొందరు ఇంజను జోలికి పోకుండా వెనక క్రౌను, పినియను మాత్రం మారుస్తారు. నాలుగున్నర నిష్పత్తి తీసి 4.1 వేశారనుకోండి. స్పీడోమీటరు కేబులు గేరుబాక్సు వెనకవైపు నుంచి వస్తుంది. షాఫ్టు తక్కువ తిరుగుతుంది గనుక బండి వంద కిలోమీటర్లు పోతే మీటరు 91 మాత్రమే చూపిస్తుంది. నిజంగా మైలేజి నూటికి పది పెరిగినా మీటరు లెక్కలో ఏమీ పెరగనట్టే ఉంటుంది. నిష్పత్తి అటువైపు మారితే పెరగని మైలేజి పెరిగినట్టు కనిపిస్తుంది. అందువల్ల మార్పిడి చేసినవాడు "మైలేజి చూడండి సార్" అని మీటరు చూపిస్తే నమ్మకండి. హైవే మీద కిలోమీటరు రాళ్లతోనో, మనవడి ఫోనులోని దారి కొలతతోనో ఓ ఇరవై కిలోమీటర్లు సరిచూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, దయచేసి శ్రద్ధగా వినండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. తయారీదారు నిర్దేశించి, ఆర్.సి.లో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని దాని సారాంశం. గ్యాసుకో బ్యాటరీకో మార్చే ఆమోదిత కిట్ల వంటివాటికి షరతులతో వీలుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షనును గట్టిగానే చెప్పింది. అదే రకం ఇంజను వేయించినా నెంబరు మారుతుంది గనుక రిజిస్టరింగ్ అధికారి అనుమతి, ఆర్.సి.లో నమోదు కావాలి. గేరుబాక్సు నెంబరు ఆర్.సి.లో ఉండదు గదా అంటారు కొందరు. అలాంటి అనుమానమున్నచోట ముందుగా అర్జీ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. నోటిమాట ఫైలులోకి రాదని మనకన్నా బాగా ఎవరికి తెలుసు!

మా కాలనీలో ఒక మిత్రుడు అనుమతి లేకుండా వేరే ఇంజను వేయించుకున్నాడు. బండి చక్కగా నడిచింది. ఆయన ఉన్నంతకాలం ఎవరూ అడగలేదు. ఆయన పోయాక ఆవిడకు డబ్బు అవసరమై బండి అమ్మకానికి పెట్టింది. కొనవచ్చినవాడు ఆర్.సి. చేతపట్టుకుని ఇంజను నెంబరు చూశాడు. కలవలేదు. పేరు మార్పిడి జరగదని వెళ్లిపోయాడు. తరవాత వచ్చినవాళ్లూ అంతే. ఆ ఇంజను ఎక్కడ కొన్నారో, బిల్లు ఉందో లేదో ఆవిడకేం తెలుసు? చివరకు ఆ బండి తుక్కు కింద పోయింది. ఆయన మిగిల్చిన పెట్రోలు ఎంతో నేను లెక్క కట్టలేదు. ఆవిడ పోగొట్టుకున్నది మాత్రం అంతకు చాలా రెట్లు. ప్రమాదం జరిగి ఉంటే ఇన్సూరెన్సువారి పేచీ వేరే ఉండేది.

యాభై ఏళ్లు దాటిన బండి ఉన్నవారికి మరో మాట. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ అర్హత. కొత్త రిజిస్ట్రేషనుకు ఫీజు 20,000 రూపాయలుగా పెట్టారు. ఆ రిజిస్ట్రేషనుతో రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల వంటివాటికే. అది మీకు కావాలా వద్దా అన్నది వేరే సంగతి. ఇంజను మార్చిన రోజునే ఆ అవకాశం చేజారిపోతుందని మాత్రం తెలుసుకోండి. మీకు అక్కరలేకపోయినా మీ పిల్లలకు ఉండవచ్చు.

మరి పెట్రోలు తాగే బండిని ఏం చేయమంటావయ్యా అంటారా? 200 పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. తేదీ, మీటరు రీడింగు, పోయించిన పెట్రోలు, వెళ్లిన పని, ఈ నాలుగు గళ్లు గీయండి. ప్రతిసారీ ట్యాంకు నిండుగా పోయించి, తిరిగిన కిలోమీటర్లను లీటర్లతో భాగించండి. మూడు నెలలు రాయండి. ఆ తరవాత జాకీ పెట్టి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పి చూడండి. బ్రేకు పట్టుకున్న చక్రం బిగువుగా తిరుగుతుంది. టైర్లలో గాలి, పాయింట్ల సందు, ప్లగ్గులు, టైమింగు సరిచేయించండి. చోకు పూర్తిగా వెనక్కు వస్తోందా, కార్బురేటరు కారుతోందా చూడండి. ఇంజను వేడెక్కుతోందని థర్మోస్టాటు పీకేసిన బండ్లు ఎన్నో ఉన్నాయి. చల్లగా నడిచే ఇంజను ఎక్కువ తాగుతుంది. అది తిరిగి పెట్టించండి.

2025 నాటికి దేశమంతటా పంపుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో ఉన్నదానికి మూడింట రెండువంతులే. కాబట్టి ఇంజను తప్పేమీ లేకుండానే నూటికి ఆరేడు తగ్గవచ్చు. పాత రబ్బరు పైపులకు, వాషర్లకు ఇథనాల్ పడదు. వాటిని తగిన రకంతో మార్పించుకోండి. ఇది మైలేజికన్నా ముందు అగ్నిప్రమాదానికి సంబంధించిన జాగ్రత్త.

ఇన్ని చేశాక కూడా బండి ఎక్కువ తాగుతుంటే, నెలకు వేలకొద్దీ కిలోమీటర్లు తిరిగే అవసరం మీకుంటే, అధికారి అనుమతి కాగితం చేతిలో ఉంటే, అప్పుడు మార్పిడి సంగతి ఆలోచించండి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా కమ్యుటేషను సొమ్ము బ్యాంకులోనే ఉంచండి. బండి కాగితాలన్నీ ఒక కవరులో పెట్టి, ఆ కవరు ఎక్కడుందో ఇంట్లో ఆడవాళ్లకు ఇవాళే చూపించండి.