ఎరుపు చూసి మోసపోవద్దు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మసాలాల గురించి మాట్లాడమన్నారు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి నేను చెప్పాల్సిందేముంది! బిర్యానీలో షాజీరా ఎప్పుడు వెయ్యాలో, నహారీ పొట్లీలో ఏమేం కట్టాలో మీరే నాకు నేర్పగలరు. అందుకని వంట చెప్పను. నా తప్పు ఒకటి చెబుతాను.

మా ఇంట్లో ఒక శుభకార్యానికి మిరపపొడి కొనే పని నా మీద పడింది. అంగట్లో రెండు రకాలు చూపించారు. ఒకటి కొంచెం నల్లబారిన ఎరుపు, రెండోది కళ్ళు చెదిరే ఎరుపు. నేను రెండోదే తూయించాను. సాలన్ చూసి అందరూ మెచ్చుకున్నారు. భోజనాలయ్యాక సబ్బుతో కడిగినా పిల్లల వేళ్ళకు ఎరుపు పోలేదు. మిగిలిన పొడి చిటికెడు గ్లాసు నీళ్ళమీద చల్లితే రంగు తీగలు తీగలుగా కిందికి దిగింది. అంగడివాడిది తప్పే. కానీ ఆ ఎరుపు కావాలన్నది నేనే కదా!

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 2003లో మన దేశం నుంచి ఫ్రాన్సుకు వెళ్ళిన మిరప సరుకులో సూడాన్ 1 అనే రంగు బయటపడింది. అది మైనానికి, బూట్ల పాలిషుకు వాడే రంగు. ఆ తర్వాత యూరప్ దేశాలు పరీక్షా పత్రం లేనిదే మిరప సరుకును రానివ్వలేదు. వాళ్ళ పిల్లల కోసం వాళ్ళు అడిగారు. మన పిల్లల కోసం మనం అడగవద్దా?

బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములకు మెరుపు కోసం సీసం కలిసిన పచ్చరంగు పూసేవారు. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. 2019లో అక్కడి మార్కెట్ల పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం కనబడింది. పత్రికలు రాశాయి, అధికారులు దాడులు చేశారు, జనం మెరిసే పసుపు మానుకున్నారు. 2021 నాటికి పరీక్షించిన నమూనాల్లో ఒక్కదాంట్లోనూ లేదు. అడిగితే మారుతుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

మనం చేయగలిగింది చిన్నదే. మిరపకాయలు, ధనియాలు కొని, ఎండబెట్టి, కళ్ళముందు మర పట్టించండి. పసుపు కొమ్ములు మరీ మెరిసేవి వద్దు. యాలకులు, లవంగాలు, జాపత్రి గింజగా, మొగ్గగానే దాచి, వంటపూట దంచుకోండి. వాటి వాసనంతా ఆవిరయ్యే నూనెలో ఉంది. పొడి చేసి పెడితే డబ్బా మూత తీసినప్పుడల్లా కొంత ఎగిరిపోతుంది. మిరియాలు నీళ్ళలో వేసి చూడండి, బొప్పాయి గింజలైతే తేలతాయి. కుంకుమపువ్వు నిదానంగా రంగు దిగుతుంది. వేసిన క్షణంలోనే నీళ్ళు ఎర్రబడితే అది వట్టి రంగు.

అనుమానముంటే 2006 నాటి ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవారెవరైనా రుసుము కట్టి సరుకు పరీక్ష చేయించుకోవచ్చు. కల్తీ తేలితే ఆ డబ్బు తిరిగొస్తుంది. ఒక్కరికి బరువనిపిస్తే పదిళ్ళవాళ్ళు కలిసి చేయించండి. మన సంఘం ఉన్నది ఇలాంటి వాటికి కాకపోతే మరెందుకు?

ఈసారి దావత్‌లో సాలన్ కాస్త రంగు తక్కువగా కనిపిస్తే దయచేసి పేరు పెట్టకండి. వండినావిడ మన పిల్లల మేలు చూసిందని అనుకోండి.

సెలవు.