బడిపిల్లల బూట్లు: కొలత ముందు, వెల తరువాత

(బళ్ళారిలో జరిగిన తెలుగు కుటుంబముల సమావేశమున ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై మాట్లాడువారు సాధారణముగా మన భాషను గూర్చియో, మన పిల్లల చదువును గూర్చియో మాట్లాడుదురు. నేడు నాకు అప్పగింపబడిన విషయము వానికంటె చాల క్రింద నున్నది. పాదముల యొద్దనే యున్నది. అయినను ముప్పది యేండ్లు బడిలో పనిచేసినదానను గనుక ఒక మాట చెప్పగలను. కాలు నొచ్చుచున్న పిల్లవానికి ఏ భాషలో చెప్పిన పాఠమును తలకెక్కదు.

బడులు తెరచు కాలము సమీపించుచున్నది. పుస్తకములు, సంచి, దుస్తులు కొని, రుసుము చెల్లించిన తరువాత చేత మిగిలిన డబ్బుతో బూట్లు కొనుట మన యిండ్లలో వాడుక. అంగడివాడు, "పెరిగే కాళ్ళమ్మా! రెండు నంబర్లు పెద్దవి తీసుకోండి, రెండేండ్లు వస్తాయి" అనును. మనకును అది పొదుపుగనే తోచును. ఆ పొదుపు పొదుపు కాదని మనవి చేయుటయే నా ప్రసంగమునకు ముఖ్యోద్దేశము.

నేను ఆరవ తరగతిలో నుండగా మా నాయన నాకు అట్లే పెద్ద బూట్లు కొనెను. ముందు భాగమున దూది కుక్కి తొడుగుకొంటిని. నడచునపుడెల్ల మడమ లేచి పడుచుండెను. ఆ యేటి పరుగు పందెములో కుడికాలి బూటు ఊడి ముందుకు పోయెను; నేను వెనుకబడితిని. అందరును నవ్విరి. ఆ నవ్వును మరచిపోవచ్చును గాని, మరచిపోరాని సంగతి మరియొకటి కలదు. నా పాదము పెరిగి ఆ బూటుకు సరిపోవునాటికి బూటు అడుగు నోరు తెరచియుండెను. రెండేండ్లకని కొన్న వస్తువు ఒక్క యేడైనను సుఖముగా తొడుగబడలేదు.

ఇందుకు కారణము కలదు. మన పాదము వ్రేళ్ళ మొదటి కీళ్ళవద్ద వంగును. బూటును ఆ చోటనే వంగునట్లు తయారుచేయుదురు. బూటు పెద్దదైనపుడు పాదము వంగు చోటొకటి, బూటు వంగవలసిన చోటొకటి యగును. అంతట కాని చోట మడతలు పడి పైభాగము చిట్లును. మడమ ఈడ్చుటచే అడుగు ఒక ప్రక్క అరిగిపోవును. కావున పెద్ద బూటు పాదమునకే గాక తనకు తానును చేటు తెచ్చుకొనును.

చిన్న బూటు చేయు కీడు ఇంకను పెద్దది. మా పెద్దవానికి ఎనిమిదేండ్ల వయస్సున ఒకనాటి సాయంకాలము వాడు మేజోడు విప్పుచుండగా చూచితిని. బొటనవ్రేలి గోరు మాంసములోనికి దిగి చీముపట్టి యుండెను. "ఎన్నాళ్ళ నుంచిరా ఇది? నాకెందుకు చెప్పలేదు?" అని అడిగితిని. "నాయనకు రెండు నెలలుగా జీతం రాలేదు కదమ్మా. కొత్తవి ఎట్లా అడిగేది?" అని వాడనెను. తరగతిలో నలుబదిమంది ముఖములు చూచి ఎవరు ఆకలిగొని వచ్చిరో చెప్పగలనని గర్వపడుదానను. నా యింటి పిల్లవాని కాలు చూడలేకపోతిని. పిల్లలు మన చేతి యిబ్బందిని మనము చెప్పకయే కనిపెట్టుదురు. కనుక వారు చెప్పుదాక ఆగరాదు. మనమే చూడవలెను.

అదిగాక, చిన్నపిల్లల పాదములోని ఎముకలు ఇంకను పూర్తిగా గట్టిపడి యుండవు. ఇరుకు బూటులో వ్రేళ్ళు నొక్కుకొనిపోయినను పెద్దలకు కలుగునంత నొప్పి వారికి వెంటనే తెలియకపోవచ్చును. నొప్పి లేదన్నంత మాత్రమున బూటు సరిపోయినదని తలంపరాదు.

ఇక కొలత తీయు పద్ధతిని చెప్పెదను. ఇందుకు ఒక కాగితము, ఒక పెన్సిలు, ఒక అట్టముక్క చాలును. సాయంకాలము తీయుట మంచిది; పగలెల్ల తిరిగిన పాదము కొంచెము ఉబ్బియుండును. బడికి తొడుగు మేజోళ్ళు తొడిగి, పిల్లవానిని కాగితముపై నిలువబెట్టవలెను. కూర్చున్నప్పటికంటె నిలుచున్నప్పుడు పాదము సాగును. పెన్సిలును నిలువుగా పట్టి రెండు పాదముల చుట్టును గీయవలెను. రెండు పాదములును సమానముగా నుండునను నియమము లేదు. పెద్దదానికే కొలత తీసికొనవలెను. కొందరికి బొటనవ్రేలికంటె ప్రక్కవ్రేలు పొడవుగా నుండును. అట్టివారికి ఆ వ్రేలినే లెక్కింపవలెను.

ఆ గీతకు పొడవైన వ్రేలి ముందు ఒక సెంటీమీటరు, మించినచో 12 మిల్లీమీటర్లు చేర్చి, ఆ ఆకారమున అట్టముక్కను కత్తిరించి అంగడికి తీసికొనిపోవలెను. అట్ట బూటులో మడత పడకుండ, అంచులు పైకి లేవకుండ పరచుకొన్నచో బూటు సరిపోయినట్లే. అంగడిలో బూటు ముందు భాగమును బొటనవ్రేలితో నొక్కి చూచుట మనకలవాటు. అప్పుడు పిల్లలు వ్రేళ్ళు ముడుచుకొందురు. మనము ఖాళీ యున్నదని మోసపోవుదుము. అట్ట మోసపుచ్చదు.

నంబర్ల సంగతియు తెలిసికొనవలెను. మన అంగళ్ళలో ఎక్కువగా వాడుకలో నున్న ఇంగ్లీషు పద్ధతిలో ఒక నంబరునకును మరియొక నంబరునకును భేదము అంగుళములో మూడవ వంతు, అనగా ఇంచుమించు 8.5 మిల్లీమీటర్లు. పిల్లల నంబర్లు 13తో ముగిసి, తిరిగి 1 నుండి పెద్దల నంబర్లు ప్రారంభమగును. కనుక 13 తరువాతి బూటు 1వ నంబరుది. రెండు నంబర్లు పెద్దది యన్నచో 17 మిల్లీమీటర్లు పెద్దదన్నమాట. పెరుగుదలకు మనము విడువవలసినది 10 లేక 12 మిల్లీమీటర్లు మాత్రమే. దానిని అట్టలో ఇదివరకే చేర్చియున్నాము. అట్టకు సరిపోయిన బూటుపై మరల పెద్ద నంబరు కోరరాదు.

పొడవు సరిపోయినను వెడల్పు చాలని బూట్లు పెక్కు కలవు. చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధనాలయము 1948లో స్థాపింపబడినది. మన తెలుగువారైన యలవర్తి నాయుడమ్మగారు 1958 నుండి 1971 వరకు దానికి సంచాలకులుగా నుండి, తోలు పరిశ్రమకు శాస్త్ర విజ్ఞానమును తోడు చేసిరి. ఆ సంస్థవారు 2021 డిసెంబరు మొదలు 2022 మార్చి వరకు దేశమందు అనేక చోట్ల లక్షమందికి పైగా ప్రజల పాదములను కొలిచిరి. ఐరోపా, అమెరికా దేశములవారి పాదములకంటె భారతీయుల పాదములు వెడల్పైనవని అందు తేలినది. పరదేశపు అచ్చులపై తయారైన బూట్లు మన పిల్లలకు ప్రక్కల నొక్కుటకు ఇది యొక కారణము. వెడల్పు చాలనిచో పొడవు పెంచి సరిపెట్టుకొనక, వేరొక తయారీ బూటును చూపుమని అడుగవలెను.

ఆ పరిశీలనలోనే తేలిన మరియొక విషయము ఆడపిల్లల తల్లులకు పనికివచ్చును. బాలికల పాదపు పెరుగుదల సగటున 11వ యేటను, బాలుర పెరుగుదల 15, 16 ఏండ్లకును తుదిస్థాయికి వచ్చునట. దీనినిబట్టి మన్నికకై డబ్బు ఎప్పుడు పెట్టవలెనో, ఎప్పుడు పెట్టనక్కరలేదో తెలియును.

ఒక లెక్క వేసి చూతము. ఈ వెలలు ఉదాహరణకు చెప్పునవి మాత్రమే. 350 రూపాయల జత నాలుగు నెలలలో తెగిపోయినచో నెలకు 87 రూపాయల 50 పైసలు పడును. 700 రూపాయల జత పది నెలలు వచ్చినచో నెలకు 70 రూపాయలే పడును. కావున చవుకది ఖరీదైనది, ఖరీదైనది చవుకది యగును. కాని అయిదేండ్ల పిల్లవానికి 1,200 రూపాయల తోలు బూట్లు కొంటిరనుకొందము. అవి ఏడాదిన్నర మన్నునవే కావచ్చును. వాని పాదము ఏడు నెలలకే వానిని దాటిపోవును. అప్పుడు నెలకు 171 రూపాయలు పడును. తెగకుండ మూలపడిన మన్నిక ఎవరికిని ఉపయోగపడదు. చిన్న తరగతులవారికి కొలత సరిపోయిన సామాన్యపు జత చాలును. పాదము నిలకడకు వచ్చిన పెద్ద పిల్లలకు, ముఖ్యముగా చాల దూరము నడచువారికి, గట్టి జత కొనుట లాభము.

గట్టి జతను ఎట్లు గుర్తింపవలెను? బూటును చేత పట్టుకొని నాలుగు పరీక్షలు చేయుడు. మొదటిది: మడమ వెనుక భాగమును రెండు ప్రక్కల నొక్కుడు, అణగిపోకూడదు. రెండవది: ముందు భాగమును పైకి వంచుడు, వ్రేళ్ళ మొదటనే వంగవలెను, నడుమ విరిగినట్లు మడతపడరాదు. మూడవది: తడిబట్ట పిండినట్లు మెలిపెట్టుడు, సులువుగా తిరిగినచో ఆ బూటులో బలము లేదు. నాలుగవది: పైభాగము అడుగుతో కలియు అంచును చూడుడు. చుట్టును కుట్టు ఉన్నది కేవలము జిగురుతో అంటించినదానికంటె సాధారణముగా ఎక్కువకాలము పట్టియుండును. కొన్నిటికి కుట్టువలె కనబడు అచ్చుగీతలు మాత్రమే యుండును. గోటితో తాకి చూచినచో దారమో కాదో తెలియును.

అడుగు విషయము: పి.వి.సి. అడుగు చవుక, నీరు పీల్చదు; కాని బరువు, తడిసిన బండలపై జారును. రబ్బరు అడుగు బాగుగా పట్టు నిలుపును. పాలీయురెథేన్ అడుగు తేలిక, మెత్తన. అయితే తేమలో ఏండ్ల తరబడి నిలువయున్నచో తొడుగకయే పొడియై రాలును. కనుక తగ్గింపు ధరకు అమ్ము పాత సరకును వంచి, అడుగున పగుళ్ళు చూచి మరీ కొనవలెను.

పైభాగము తోలైనచో గాలి ఆడును, పాదమునకు అనువుగా సాగును. రెక్సిన్ చవుక, తుడుచుట సులువు. కాని మన బళ్ళారి ఎండలో లోపల చెమట నిలిచి, వ్రేళ్ళ సందుల పాచి, దురద కలుగును. రెక్సిన్ కొన్నవారు నూలు మేజోళ్ళు దినమునకొక జత మార్చవలెను. కోసిన అంచున బట్ట కనబడినచో అది రెక్సిన్. పీచు కనబడినచో తోలు.

కొన్న తరువాత కాపాడుటయు మన పనియే. ముడి విప్పకయే మడమ త్రొక్కి విడుచు అలవాటు మాన్పింపవలెను. వెనుక భాగము పాడగుట అక్కడనే ప్రారంభమగును. ఎఱ్ఱదుమ్మును ప్రతిదినము దులుపవలెను. వానలో తడిసిన బూట్లను పొయ్యి ప్రక్కనో, మండుటెండలోనో పెట్టరాదు. తోలు బిరుసెక్కును, జిగురు విడిపోవును. వార్తాపత్రికల కాగితము లోపల కుక్కి నీడను ఆరబెట్టవలెను. అడుగు కొంచెము విడినప్పుడే వీధి చివరి చర్మకార సోదరునిచేత కుట్టించినచో కొద్ది ఖర్చుతో పోవును.

అన్న బూట్లు తమ్మునికి తొడుగవచ్చునా యని కొందరడుగుదురు. ఎక్కువ తొడుగనివైనచో తొడుగవచ్చును. ఒక ప్రక్క అరిగినవి మాత్రము వలదు. అవి అన్న నడకకు మలచబడినవి, తమ్ముని నడకను ఆ ప్రక్కకే లాగును.

చివరగా సర్కారు బడుల తల్లిదండ్రులకు ఒక విన్నపము. కర్ణాటక ప్రభుత్వము 2015-16లో ప్రారంభించిన శూ భాగ్య పథకము క్రింద ఒకటి మొదలు పదవ తరగతి వరకు పిల్లలకు ఒక జత నల్ల బూట్లు, రెండు జతల తెల్ల మేజోళ్ళు ఇచ్చు ఏర్పాటు జరిగినది. 2022లో జతకు అయిదవ తరగతి వరకు 265, ఎనిమిదవ తరగతి వరకు 295, పై తరగతులకు 325 రూపాయలు నిర్ణయించిరి. ఆ డబ్బుతో కొను బాధ్యతను తల్లిదండ్రులుండు ఎస్.డి.ఎం.సి. సమితికే అప్పగించిరి. అట్టి సమితులలో మనవారును కూర్చుండవచ్చును. ఇంటిలో తెలుగు మాట్లాడువారము, సభలో కన్నడము సరిగా రాదేమో యని వెనుక కూర్చుండుట తగదు. తరగతికింత యని నంబర్లు ఊహించి తెప్పింపక, ప్రతి పిల్లవాని పాదమును కొలిచిన పిదపనే తెప్పింపుడని అడుగుడు. మొదట ఒక్క జత తెప్పించి, నేను చెప్పిన నాలుగు పరీక్షలు అందరి ఎదుట చేయుడు. కొద్ది డబ్బులో మంచిది ఏరుటకు ఇంతకంటె వేరు మార్గము లేదు.

ఈ ఆదివారము సాయంకాలము మీ పిల్లల పాదములను కాగితముపై గీసి, ప్రక్కన తేదీ వ్రాసి దాచుడు. మూడు నెలలకొకసారి దానిపైననే మరల గీయుడు. బూటు మార్చు కాలము వచ్చినదో లేదో ఆ కాగితమే చెప్పును. మీ పిల్లవాడు నోరు తెరచి చెప్పవలసిన అవసరముండదు.